ఇంట్లో చిన్న లేత్ ఉందా? గాలితో తిరిగే మొదటి ఇంజిన్ ఇలా చేయండి

కొత్తగా చిన్న లేత్ కొన్నవాళ్లు అందరూ నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది, "ఇంజిన్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" రెండోది, "నేరుగా పెట్రోలు ఇంజిన్ చేయొచ్చా?" చేయొచ్చు. కానీ మొదటిది మాత్రం అది వద్దు. స్పార్కు, కార్బురేటరు, కంప్రెషన్, వాల్వుల టైమింగు అన్నీ ఒకేసారి కుదరాలి. స్టార్ట్ కాకపోతే తప్పు ఎక్కడుందో తెలియదు. ఆర్నెల్ల కష్టం అటక మీదికి చేరుతుంది.

మొదటి ఇంజిన్‌గా నేను అందరికీ చెప్పేది సిలిండరే ఊగే ఇంజిన్. ఆసిలేటింగ్ ఇంజిన్ అంటారు. దీనికి విడిగా వాల్వులు ఉండవు. సిలిండరు అటూ ఇటూ ఊగుతూ తన రంధ్రాన్ని ఒకసారి గాలి వచ్చే రంధ్రం ఎదుటికి, ఇంకోసారి గాలి పోయే రంధ్రం ఎదుటికి తెచ్చుకుంటుంది. ఇంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు. ఇది బొమ్మల కోసం పుట్టిన డిజైన్ అనుకోకండి. 1858లో నీళ్లలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ తెడ్డు చక్రాల్ని తిప్పింది ఊగే సిలిండర్ల ఇంజిన్లే. బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేసింది కూడా ఆ ఓడే.

ఇంజిన్ తిరగాలా వద్దా అన్నది రెండు చోట్ల తేలిపోతుంది. ఒకటి, సిలిండరు లోపల పిస్టన్ ఎలా కూర్చుంది. రెండు, సిలిండరు చదునైన ముఖం, గాలి రంధ్రాలున్న నిలువు ప్లేటుకు ఎలా ఆనింది. ఫ్లైవీల్ ఎంత మెరిసినా ఈ రెండూ బాగాలేకపోతే తిరగదు. అందుకే కింద ఈ రెంటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

కావలసినవి

మెషిన్లు: చిన్న లేత్, బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్. లేత్‌కు నాలుగు దవడల చక్ ఉండాలి. మిల్లింగ్ మెషిన్ అక్కర్లేదు.

పనిముట్లు: డిజిటల్ వెర్నియర్, 0–25 మైక్రోమీటరు, డయల్ గేజ్, సెంటర్ డ్రిల్, 2, 3, 3.3, 4.8, 6, 7.8, 9, 11.5 డ్రిల్ బిట్లు, చిన్న బోరింగ్ బార్, 5, 8, 12 మి.మీ. రీమర్లు (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నున్నగా తెచ్చేవి), ఎం2.5, ఎం4 ట్యాపులు (రంధ్రం లోపల మర వేసేవి), ఎం4 డై (రాడ్డు మీద మర వేసేది). చదును చేయడానికి మందపాటి అద్దం ముక్క, 400, 800, 1200 వాటర్ పేపర్లు.

మెటీరియల్:
- సిలిండరుకు 20 మి.మీ. చదరపు ఇత్తడి బార్, 40 మి.మీ. పొడవు
- ప్లేటుకు 40 × 8 బ్రైట్ ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) పట్టీ, 100 మి.మీ.
- పిస్టన్‌కు 12 మి.మీ. గ్రైండ్ చేసిన సిల్వర్ స్టీల్
- షాఫ్టుకూ, పివట్‌కూ (సిలిండరు ఊగే ఇరుసు) 5 మి.మీ. సిల్వర్ స్టీల్
- క్రాంక్ పిన్నుకు 3, పిస్టన్ రాడ్డుకు 4 మి.మీ. సిల్వర్ స్టీల్
- బుష్షుకు (షాఫ్టు తిరిగే గొట్టం) గన్‌మెటల్ ముక్క
- క్రాంక్ డిస్కుకు 25 మి.మీ., ఫ్లైవీల్‌కు 50 మి.మీ. ఎం.ఎస్. రాడ్డు
- చిన్న స్ప్రింగు, ఎం4 లాక్‌నట్టు, 3 మి.మీ. ఇత్తడి గొట్టం, లాక్‌టైట్ లాంటి రిటైనింగ్ కాంపౌండ్

హైదరాబాద్ వాళ్లకు ఇవన్నీ రాణీగంజ్‌లో, విజయవాడ వాళ్లకు ఆటోనగర్‌లో ఒక్క పూటలో దొరుకుతాయి. ఇత్తడి మాత్రం ఫ్రీ కటింగ్ రకం అని అడిగి తీసుకోండి. తుక్కు షాపు ఇత్తడి తూకానికి చౌకే. కానీ అందులో కొన్ని ముక్కలు జిగటగా సాగి, ట్యాపును పట్టి విరగ్గొడతాయి.

మొదలుపెట్టే ముందు

లేత్ దగ్గర గ్లౌజులు వేసుకోకండి. లుంగీ, వేలాడే చొక్కా చేతులు, చున్నీ, మెడలో గొలుసు, వేలికి ఉంగరం ఏవీ వద్దు. చక్ కీ చేతిలోంచి వదిలే ముందు చక్‌లోంచి తీయండి. ఎప్పుడూ, ప్రతిసారీ. చిప్స్ (కోసినప్పుడు రాలే లోహపు తునకలు) బ్రష్షుతో తీయాలి, వేళ్లతో కాదు. కళ్లజోడు తప్పనిసరి. ఇత్తడి చిప్స్ సూదుల్లా ఎగురుతాయి.

ఇంకొకటి: కొత్త డ్రిల్ బిట్లు ఇత్తడిని ఒక్కసారిగా లోపలికి లాక్కుంటాయి. జాబ్ చేతిలోంచి ఎగిరిపోవడమో, బిట్టు విరగడమో జరుగుతుంది. ఇత్తడి కోసం ఒక సెట్టు పక్కన పెట్టుకుని, బిట్టు కోసే అంచు మీద ఆయిల్‌స్టోన్‌తో నాలుగు రుద్దులు రుద్ది పదును కొంచెం చంపండి. అప్పుడు అది లాక్కోదు, గీకుతుంది. టర్నింగ్ టూల్ పైభాగం కూడా ఇత్తడికి వాలు లేకుండా చదునుగా ఉండాలి.

1. సిలిండరు

ఇత్తడి బార్‌ను నాలుగు దవడల చక్‌లో పట్టండి. పట్టిన వెంటనే కోయకండి. డయల్ గేజ్‌తో రెండు చూడాలి. ఒకటి, బార్ మధ్యలో ఉందా. రెండోది చాలామంది వదిలేసేది: గేజ్‌ను బార్ పక్క మీద ఆనించి క్యారేజిని ముందుకీ వెనక్కీ నడపండి, ముల్లు కదలకూడదు. కదిలితే బోరు వంకరగా వెళ్తుంది. అప్పుడు సిలిండరు ముఖం ప్లేటుకు ఆనినా పిస్టన్ పక్కకు లాగుతుంది. నా మొదటి సిలిండరు ఇందుకే పారేశాను. తప్పు ఇక్కడుంటే నాలుగు రోజులు పిస్టన్‌ను సానబెడుతూ కూర్చున్నాను.

ముందు మొహం ఫేసింగ్ చేసి (కొనను చదునుగా కోసి), సెంటర్ డ్రిల్, తర్వాత 6, 9, 11.5 బిట్లు వేయండి. డ్రిల్లు తిన్నగా వెళ్లిందని నమ్మకండి. బోరింగ్ బార్‌తో 11.8 వరకు పల్చటి కట్లతో తీస్తే పక్కకు పోయిన రంధ్రం మళ్లీ దారికి వస్తుంది. ఆఖరున 12 రీమర్. స్పీడు 150–200 ఆర్‌పీఎం, నూనె వేస్తూ ఒకే ఊపులో లోపలికి, తిరుగుతుండగానే బయటికి. రీమర్‌ను ఏ పరిస్థితిలోనూ వెనక్కి తిప్పకండి, అంచులు పోతాయి, బోరు మీద గీతలు పడతాయి. రెండో మొహం కూడా ఫేసింగ్ చేసి పొడవు 36 మి.మీ.కు తెచ్చుకోండి.

ఇప్పుడు నాలుగు పక్కల్లో బాగున్న ఒకదాన్ని ప్లేటుకు ఆనే ముఖంగా ఎంచుకోండి. దాని నడిమి గీత మీద, పై అంచు నుంచి 18 మి.మీ. దగ్గర పివట్ రంధ్రం (3.3 బిట్టు, ఎం4 ట్యాపు), 4 మి.మీ. దగ్గర గాలి రంధ్రం (2 మి.మీ.). అంటే రెంటి మధ్య దూరం 14. పివట్ రంధ్రం ఆ ఒక్క గోడకే, బోరులోకి తేలినా ఫర్వాలేదు. 2 మి.మీ. రంధ్రాన్ని మాత్రం రెండు గోడల గుండా అవతలికి తీయండి. ఎందుకో 5వ మెట్టులో తెలుస్తుంది. లోపల లేచిన బర్రును (గరుకు అంచును) తీయడానికి రీమర్‌ను చేత్తో ఒకసారి నడపండి.

పై మూత: 12 మి.మీ. బోరులో 3 మి.మీ. దిగే ఇత్తడి బిళ్ల. ఇప్పుడే అతికించకండి.

2. ప్లేటు

పట్టీ కింది అంచు నుంచి 28 మి.మీ. ఎత్తులో క్రాంక్ రంధ్రం, 76 మి.మీ. ఎత్తులో పివట్ రంధ్రం గుర్తించండి. మధ్య దూరం 48. ఇక్కడ ఒక పదో వంతు మి.మీ. అటూ ఇటూ అయినా నష్టం లేదు. కానీ రెండు రంధ్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అందుకని బిగించిన ప్లేటును విప్పకుండా, బల్ల మీద జరిపి రెండూ తీయండి.

డ్రిల్లింగ్ మెషిన్ నిటారుగా ఉందో లేదో ముందే చూసుకోండి. ఒక కమ్మీని ఎల్ ఆకారంలో వంచి చక్‌లో బిగించండి, కొన బల్లకు తగిలీ తగలనట్టు పెట్టి చేత్తో చుట్టూ తిప్పండి. ఒక పక్క గీరుకుని, ఎదురు పక్క గాలిలో ఉంటే బల్ల వాలి ఉన్నట్టు. సరిచేశాకే రంధ్రాలు.

క్రాంక్ రంధ్రం 7.8 బిట్టుతో తీసి 8కి రీమ్ చేసి, 14 మి.మీ. పొడవున్న గన్‌మెటల్ బుష్షు నొక్కండి. ముందువైపు ప్లేటుతో సమానంగా, వెనక 6 మి.మీ. బయటికి. బుష్షు లోపలి 5 మి.మీ. రీమింగ్ నొక్కిన తర్వాతే చేయాలి, ఎందుకంటే నొక్కినప్పుడు బుష్షు కొంచెం బిగుసుకుంటుంది. పివట్ రంధ్రం 4.8 తీసి 5 రీమర్. దాని చుట్టూ ముందువైపు 8 మి.మీ. వెడల్పున, గోరు మందం లోతు తగ్గించండి. సిలిండరు పివట్ దగ్గర ఉబ్బు మీద కూర్చుని ఊగకుండా, అంచులదాకా చదునుగా ఆనడానికి ఇది.

3. ముఖాలు చదును చేయడం

తొందరపడే చోటు ఇదే, తొందర అస్సలు పనికిరాని చోటూ ఇదే.

అద్దం ముక్క మీద 400 వాటర్ పేపర్ పరిచి, నాలుగు చుక్కలు కిరోసిన్ వేసి, సిలిండరు ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. పది సార్లకొకసారి ముక్కను అర చుట్టు తిప్పి పట్టుకోండి, లేకపోతే మన చెయ్యి నొక్కే వైపు ఎక్కువ అరుగుతుంది. రుద్దే ముందు ముఖమంతా మార్కర్ పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. గీతలు అన్నిచోట్లా ఒకేసారి మాయమైతే చదునుగా ఉంది. మూలల్లో ముందు పోతే మీరు ముక్కను ఊపుతున్నారని అర్థం, చెయ్యి కిందికి, ముక్క అడుగు దగ్గరికి తెచ్చి పట్టుకోండి. తర్వాత 800, 1200. ప్లేటుకు కూడా ఇంతే.

వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టు ఇక్కడ వద్దు. దాని రేణువులు ఇత్తడిలో దిగబడి ఉండిపోతాయి, ఇంజిన్ తిరిగినన్నాళ్లూ ప్లేటును తింటూనే ఉంటాయి.

పని అయిందా లేదా అని చూడటానికి: రెండు ముఖాలూ కడిగి తుడిచి, ఒక చుక్క పల్చటి నూనె వేసి ఒకదాని మీద ఒకటి నొక్కి జరపండి. సిలిండరును పైకి ఎత్తితే ప్లేటు పట్టుకుని వదలనట్టు అనిపించాలి. ఆ జిగురు లాంటి పట్టు వేలికి తెలిసిన రోజు, సగం ఇంజిన్ అయిపోయినట్టే.

ఇప్పుడు పివట్ పిన్ను. 5 మి.మీ. సిల్వర్ స్టీల్ ముక్కకు ఒక కొనను ఎం4 మరకు తగ్గించి 3.5 మి.మీ. పొడవే మర వేయండి, గోడ మందం 4 మాత్రమే కాబట్టి అంతకంటే పొడవైతే పిస్టన్‌కు తగులుతుంది. 5 మి.మీ. భుజం సిలిండరు ముఖానికి ఆనితేనే పిన్ను నిటారుగా నిలుస్తుంది. భుజం పూర్తిగా ఆనడానికి సిలిండరు రంధ్రం నోటి అంచును కొంచెం వాలుగా కోయండి (చాంఫర్). రిటైనింగ్ కాంపౌండ్ పూసి బిగించి ఒక రాత్రి వదిలేయండి. రెండో కొనకు నట్టు కోసం ఎం4 మర.

4. పిస్టన్, రాడ్డు, క్రాంక్

గ్రైండ్ చేసిన 12 మి.మీ. సిల్వర్ స్టీల్ తీసుకోమన్నది ఇందుకే: అది చాలావరకు అలాగే రీమ్ చేసిన బోరులో జారుతుంది. 14 మి.మీ. ముక్క కోసి, అర మి.మీ. వెడల్పు నూనె గాళ్లు రెండు వేసి, అడుగున ఎం4 మర తీయండి. బిగుతుగా ఉంటే లేత్‌లో తిప్పుతూ 1200 పేపర్‌ను నూనెతో తడిపి రెండు మూడు సెకన్లు తాకించండి, కడగండి, మళ్లీ పెట్టి చూడండి. ఎక్కువ రుద్దితే తిరిగి కలపలేం. 0.01 నుంచి 0.02 మి.మీ. సందు చాలు.

పరీక్ష: మూతను నూనెతో తాత్కాలికంగా పెట్టి వేలితో నొక్కిపట్టండి. గాలి రంధ్రం రెండు వైపులా వేళ్లతో మూయండి. పివట్ మర కాంపౌండుతో ఎలాగూ మూసుకుపోయింది. ఇంకొకరిని పిస్టన్‌ను కొంచెం బయటికి లాగి వదలమనండి. అది వెనక్కి లోపలికి దూకాలి. వేళ్లు తీయకుండా పిస్టన్‌ను పూర్తిగా బయటికి లాగితే 'టప్' అని చిన్న చప్పుడు రావాలి. దూకకుండా అక్కడే నిలిచిపోతే ఎక్కడో లీకు ఉంది లేదా రాపిడి ఉంది. వేళ్లు తీశాక పిస్టన్ తన బరువుకే జారితే రాపిడి లేదు, తప్పు లీకుదే.

4 మి.మీ. రాడ్డుకు రెండు కొనలా ఎం4. కింది కొనకు 6 మి.మీ. మందపు ఇత్తడి ముక్క, దానికి 3 మి.మీ. పిన్ను రంధ్రం. పిస్టన్ పై మొహం నుంచి ఈ పిన్ను రంధ్రం మధ్య వరకు 52.5 మి.మీ. రావాలి. మరలు ఉన్నాయి కాబట్టి అటూ ఇటూ తిప్పి సరిచేసుకోవచ్చు, సరిపోయాక కాంపౌండు.

క్రాంక్ డిస్కు 24 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం. మధ్యలో 5 మి.మీ. షాఫ్టు, మధ్య నుంచి సరిగ్గా 8 మి.మీ. దూరంలో 3 మి.మీ. పిన్ను. దీనివల్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 16 వస్తుంది. పిన్ను వంగి ఉంటే ఇంజిన్ తిరుగుతూ ఒకచోట బిగుస్తుంది. షాఫ్టు, పిన్ను అతికించేటప్పుడు వెర్నియర్‌తో పిన్ను మొదట్లోనూ కొన దగ్గరా షాఫ్టు నుంచి దూరం ఒకటేనా చూడండి.

5. ప్లేటు మీద గాలి రంధ్రాలు

ఈ ఇంజిన్‌లో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. లెక్క ప్రకారం రెండు రంధ్రాలు పివట్ కంటే 13.8 మి.మీ. పైన, మధ్య గీతకు చెరో పక్క 2.33 మి.మీ. దూరంలో రావాలి. సెంటర్ పంచ్‌తో అంత కచ్చితంగా గుర్తు పెట్టడం కష్టం. పంచ్ అర మి.మీ. జరిగినా ఇంజిన్ కుంటుతుంది. అందుకే సిలిండరునే కొలబద్దగా వాడండి.

సిలిండరు, పిస్టన్, క్రాంక్ ప్లేటుకు బిగించండి. ప్లేటును డ్రిల్లింగ్ బల్ల మీద రెండు సమానమైన దిమ్మల మీద పడుకోబెట్టండి, వెనక బుష్షు తగలకుండా. క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ సిలిండరు ఒక పక్కకు ఎంత ఎక్కువ వాలగలదో అంత వాలినచోట ఆపి, పివట్ నట్టు బిగించేయండి. ఇప్పుడు 2 మి.మీ. బిట్టును సిలిండరు బయటి గోడ రంధ్రం గుండా దింపి, లోపలి గోడ దాటించి, ప్లేటులో 1 మి.మీ. లోతు గుంట మాత్రమే పెట్టండి. అంతకంటే లోతుకు పోతే బిట్టు గాళ్లు సరిపోక చిప్స్ ఇరుక్కుని విరుగుతుంది. నట్టు వదులు చేసి రెండో పక్కకు వాల్చి ఇలాగే చేయండి. తర్వాత సిలిండరు తీసేసి రెండు గుంటల్నీ అవతలిదాకా పూర్తి చేయండి.

సరిగ్గా వచ్చాయా? రెండు రంధ్రాల్లో రెండు 2 మి.మీ. బిట్ల తోకలు గుచ్చి, బయటి అంచుల మధ్య వెర్నియర్‌తో కొలవండి. 6.6, 6.7 దగ్గర ఉంటే బాగుంది. 6.2 కంటే తగ్గితే సిలిండరు నిలువుగా ఉన్నప్పుడు రెండు రంధ్రాలకూ ఒకేసారి తెరుచుకుని గాలి నేరుగా బయటికి పోతుంది. అదే జరిగితే ప్లేటు పారేయక్కర్లేదు. రెండు రంధ్రాల్నీ ఎం2.5 మరతో మూసి, చదును చేసి, మళ్లీ తీయొచ్చు.

ఒక రంధ్రానికి వెనకవైపు 5 మి.మీ. లోతు వరకు 3 మి.మీ. బిట్టు వేసి ఇత్తడి గొట్టం అతికించండి. ఇది గాలి వచ్చే దారి. రెండోది పోయే దారి, అలాగే వదిలేయండి. గొట్టం ఏ రంధ్రానికి పెడితే ఇంజిన్ ఆ లెక్కన ఒక దిశలో తిరుగుతుంది, మారిస్తే ఎదురు దిశలో. సిలిండరు బయటి గోడ రంధ్రాన్ని ఎం2.5 మర వేసి చిన్న స్క్రూతో మూయండి. పై మూతను కాంపౌండుతో అతికించండి. కాంపౌండు ఎక్కువ పూస్తే బోరులోకి కారి పిస్టన్‌ను పట్టేస్తుంది, సన్నగా ఒక గీత చాలు. డ్రిల్లు లేపిన బర్రు కోసం రెండు ముఖాల్నీ మళ్లీ 1200 మీద నాలుగు రుద్దులు రుద్దడం మరవకండి.

6. ఫ్లైవీల్, బిగింపు

ఫ్లైవీల్ 12 మి.మీ. మందం చాలు. పైపొర తీశాక 48 వచ్చినా ఇబ్బంది లేదు. 50 మి.మీ. ఎం.ఎస్. మీద హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ అయితే 160 ఆర్‌పీఎం మించకండి. 5 మి.మీ. రంధ్రాన్నీ బయటి అంచునూ ఒకే పట్టులో తీస్తేనే ఊగకుండా తిరుగుతుంది. ప్లేటును 10 మి.మీ. అల్యూమినియం మీదో, టేకు చెక్క మీదో కింది నుంచి రెండు స్క్రూలతో నిలబెట్టండి.

అన్ని భాగాల్నీ కిరోసిన్‌లో కడగండి. మిగిలిన ఒక్క చిప్ చాలు చదును చేసిన ముఖం మీద గీత పడటానికి. కుట్టు మిషన్ నూనె వేసి బిగించండి. పివట్ పిన్ను మీద, ప్లేటు వెనక నట్టుకు ముందు స్ప్రింగు వేయండి; అది మొదట వదులుగానే ఉండాలి. ఫ్లైవీల్‌ను వేలితో తిప్పి వదిలితే ఒకటి రెండు చుట్లు తానే తిరగాలి. ఒకేచోట పట్టేస్తుంటే క్రాంక్ పిన్ను వంకర. అన్నిచోట్లా బరువుగా ఉంటే స్ప్రింగు బిగుతు, లేదా పిస్టన్.

7. గాలి పెట్టడం

ముందు గొట్టానికి ప్లాస్టిక్ ట్యూబు తగిలించి నోటితో ఊది, ఫ్లైవీల్‌ను చిన్నగా తిప్పండి. బాగా కుదిరిన ఇంజిన్ ఊపిరికే తిరుగుతుంది. ఆ తర్వాత కంప్రెసర్, 1 బార్‌తో మొదలుపెట్టి 2 బార్ దాటకండి. కంప్రెసర్ లేకపోతే కారు స్పేర్ టైరులో గాలి నింపి, దానికి వాల్వు పెట్టి నెమ్మదిగా వదలొచ్చు. కారు టైర్లకు గాలి కొట్టే చిన్న పంపును నేరుగా తగిలించకండి, దాని గాలి కుదుపులుగా వస్తుంది.

ఆవిరి మాత్రం వద్దు. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసి పైపు పెట్టొచ్చా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దయచేసి చేయకండి. కుక్కర్ అందుకోసం చేసింది కాదు, పైపు మూసుకుపోయి పేలితే పక్కన ఉండేది మీ పిల్లలే. బాయిలరు వేరే విద్య, దానికి వేరే పరీక్షలున్నాయి.

తిరగకపోతే

ముఖాల మధ్య సబ్బు నీళ్లు పూయండి. బుడగలు గుంపుగా వస్తే స్ప్రింగు అర చుట్టు బిగించి చూడండి. అయినా వస్తే చదును సరిపోలేదు, మళ్లీ 3వ మెట్టుకు. గాలి పెట్టగానే సిలిండరు ప్లేటు నుంచి లేచి బుస్సుమంటే స్ప్రింగు మరీ బలహీనం. ఒక దిశలో బాగా తిరిగి, గొట్టం మార్చినప్పుడు ఎదురు దిశలో కుంటితే రెండు గాలి రంధ్రాలు మధ్య గీతకు సమాన దూరంలో లేవు. కొంతసేపు తిరిగి వేడెక్కి ఆగిపోతే నూనె ఎండింది.

మొదటి అరగంట తక్కువ గాలితో, రెండు నిమిషాలకొకసారి నూనె చుక్క వేస్తూ తిప్పండి. గాలి పోయే రంధ్రం దగ్గర తెల్ల గుడ్డ పట్టండి. మొదట నల్లగా బురద లాంటి నూనె పడుతుంది, అరిగిన లోహం అది. విప్పి, కిరోసిన్‌లో కడిగి, మళ్లీ బిగించి తిప్పండి. గుడ్డ మీద నూనె తేటగా పడేదాకా ఇలాగే చేయండి.